పేరు తెలియని మనిషిని ‘పాలకుడు’ అని ఎలా తేలుస్తారు?

మీరు అడిగింది ఇది: “పెరూలోని మోచే ప్రజలకు లిపి లేదు, శాసనం లేదు, నాణెం లేదు. ఒక అస్థిపంజరం పక్కన బంగారం కనబడగానే ‘సిపాన్ ప్రభువు’ అని పేరు పెట్టేశారు. ఇది ఊహ కాదా? అతను బాగా డబ్బున్న వ్యాపారి ఎందుకు కాకూడదు?”

ప్రాచీన అమెరికా ఖండాల పురావస్తు శాస్త్రం చదవడంలో, చెప్పడంలో నాకు చాలా ఏళ్లు గడిచాయి. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. మంచి ప్రశ్న, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా ఒక మాట. బంగారం చూసి ఎవరూ రాజు అనరు, అనకూడదు. ఆ బంగారం ఎవరి ఒంటి మీద ఉంది, కుడి పక్కనా ఎడమ పక్కనా, దాని కింద ఏముంది, పైన ఏ మట్టి పొర ఉంది, చుట్టూ ఇంకెవరిని పాతిపెట్టారు అనేవి చూసి చెబుతారు. వస్తువును అది ఉన్న చోటు నుంచి తీసేస్తే మిగిలేది లోహపు ముక్కే. సిపాన్ కథ మొత్తం దీనికి ఉదాహరణ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పెరూ ఉత్తర తీరంలో చిక్లాయో నగరానికి దగ్గర్లో సిపాన్ అనే ఊరు ఉంది. దాని పక్కన వాకా రహాదా అనే దిబ్బలు. పచ్చి ఇటుకలతో కట్టి, వందల ఏళ్ల వానలకు కరిగి మట్టిగుట్టల్లా మారిన పాత కట్టడాలను అక్కడ వాకా అంటారు. 1987 ఫిబ్రవరిలో కొందరు స్థానికులు రాత్రిపూట ఆ దిబ్బలోకి సొరంగం తవ్వి ఒక సమాధిని దోచేశారు. మన దగ్గర గుప్తనిధుల కోసం పాత గుళ్లు తవ్వేవాళ్ల వార్తలు వస్తుంటాయి కదా, అచ్చం అలాంటిదే. పంపకాల్లో గొడవ వచ్చి విషయం పోలీసులకు చేరింది. పోలీసులు లాంబయెకెలోని బ్రూనింగ్ మ్యూజియం డైరెక్టర్ వాల్టర్ ఆల్వాను పిలిపించారు. దోచిన సమాధిని కాపాడటానికి వెళ్లిన ఆల్వా బృందానికి అదే దిబ్బలో ఎవరి చెయ్యీ పడని ఇంకో సమాధి దొరికింది. ‘సిపాన్ ప్రభువు’ అని మీరు చదివింది దాని గురించే. ఊరి జనం కోపంగా ఉండటంతో ఆ తవ్వకం పోలీసు కాపలా మధ్య సాగింది.

ఇప్పుడు ఆ సమాధిని పై నుంచి కిందికి, తవ్విన వరుసలోనే చూద్దాం. ముందు వెయ్యికి పైగా మట్టి పాత్రలున్న ఒక గది. తర్వాత, కప్పుకు పైన, రాగి శిరస్త్రాణం, డాలుతో ఒక యువకుడి అస్థిపంజరం. అతనికి పాదాలు లేవు. కాపలా వదిలి వెళ్లకూడదనే పాదాలు తీసేశారని చాలామంది అంటారు. దాని కింద దూలాలు, గది, మధ్యలో పలకలతో చేసిన పెట్టె. పెట్టెలో సుమారు 1,700 ఏళ్ల కిందట చనిపోయిన మగమనిషి, వయసు 35 నుంచి 45 మధ్య. చుట్టూ రెల్లు పెట్టెల్లో ఇంకొందరు: మగవాళ్లు, యువతులు, ఒక పిల్లవాడు. లామాలు, ఒక కుక్క కూడా ఉన్నాయి. ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక వివరం ఉంది. ఆ యువతుల ఎముకలు కీళ్ల దగ్గర చెదిరిపోయి ఉన్నాయి. అంటే వాళ్లు అతనికంటే చాలా ముందే చనిపోయారు, తర్వాత తెచ్చి ఇక్కడ పెట్టారు. కాబట్టి ‘రాజు చనిపోతే భార్యలందరినీ చంపేశారు’ అని రాసేవాళ్లు ఎముకల నివేదిక చదవలేదన్నమాట.

అతని మెడలో ఒక హారం ఉంది. వేరుశెనక్కాయల ఆకారంలో 20 పూసలు. కుడి వైపు పది బంగారంవి, ఎడమ వైపు పది వెండివి. ఈ కుడి బంగారం, ఎడమ వెండి అనే పద్ధతి ఆ సమాధిలో ఇంకొన్ని చోట్ల కూడా కనిపిస్తుంది. పట్టుకెళ్లి కరిగించి అమ్ముకునే దొంగకు ఈ పద్ధతి ఎప్పటికీ తెలియదు. ఒక్కో ఎముక దగ్గరా నెమ్మదిగా బ్రష్‌తో మట్టి తీసినవాడికే తెలుస్తుంది. (ఆ వేరుశెనగ మనకు పరాయిది కాదు. అనంతపురం చేలల్లో పండే పంట పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. ఆ పూసలను ఫొటోలో మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఇంట్లో ఉడకబెట్టిన కాయల గిన్నె.)

సరే, ఇంత సంపద వ్యాపారికి ఉండకూడదా? ఉండొచ్చు. కానీ పెట్టెలో ఉన్నది సరుకు కాదు, ఒక పూర్తి వేషం. ఆ వేషాన్ని పండితులు అంతకు ముందే చూసి ఉన్నారు.

మోచే వాళ్లు కుండల మీద సన్నటి గీతలతో బొమ్మలు వేసేవారు. 1970లలో క్రిస్టఫర్ డోనన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ బొమ్మల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక దృశ్యాన్ని గుర్తించాడు. చేతులు కట్టిన బందీల గొంతు కోస్తారు. ఆ రక్తాన్ని ఒక పాత్రలో పట్టి ఒక ముఖ్యుడికి అందిస్తారు. అతని తల మీద పెద్ద అర్ధచంద్రాకారపు అలంకారం, నడుము వెనక వేలాడే లోహపు పలక, ఒంటి నుంచి కిరణాలు. పక్కన పక్షి రూపం ఉన్న ఒకడు, ఆ తర్వాత ప్రత్యేకమైన తలపాగాతో ఒక స్త్రీ. ఇది దేవుళ్ల కథ అయివుంటుందని చాలామంది అనుకున్నారు. సిపాన్ పెట్టె తెరిచాక అర్ధచంద్రం, నడుము పలక, చేతి దండం అన్నీ ఒక నిజం మనిషి ఒంటి మీద, వాటి వాటి స్థానాల్లో బయటపడ్డాయి.

ఒక్క సమాధితో ఆగి ఉంటే మీ అనుమానానికి ఇంకా బలం ఉండేది. అదే దిబ్బలో రెండో సమాధి తెరిచారు. అందులోని మనిషికి రెక్కలు చాచిన గుడ్లగూబ ఉన్న తలపాగా, చేతి దగ్గర ఒక పాత్ర. బొమ్మలోని పక్షి మనిషి అతనే. 1991లో దక్షిణంగా ఇంకో లోయలో, సాన్ హోసే దె మోరో అనే చోట, డోనన్, లూయిస్ హైమే కాస్తీయో బృందం ఒక స్త్రీ సమాధిని తవ్వింది. బొమ్మలోని స్త్రీ తలపాగా, ఆమె దగ్గరుండే పాత్ర అక్కడ ఉన్నాయి. ఆ తర్వాత అక్కడే అలాంటి స్త్రీ సమాధులు మరికొన్ని బయటపడ్డాయి. సిపాన్‌లో కూడా కింది పొరల్లో ఇంకా పాత తరానికి చెందిన ప్రభువు సమాధి దొరికింది. అంటే వేరు వేరు లోయల్లో, వేరు వేరు తరాల్లో అవే వేషాలు, అవే పాత్రలు. ఒక మనిషి చనిపోతే అతని వేషం అతనితోపాటు మట్టిలోకి పోయింది, తర్వాతి మనిషికి మళ్లీ కొత్తగా చేశారు. దీన్నే మేము పదవి అంటాం. పేరు తెలియకపోయినా పదవి తెలుస్తుంది. వ్యాపారి సంపద వారసుడికి మిగులుతుంది. ఇక్కడ అంత సంపదనూ పాతేసి, మళ్లీ అంతా తయారు చేయించగల ఏర్పాటు ఉంది. నా దృష్టిలో అధికారానికి బంగారం కంటే పెద్ద సాక్ష్యం ఇదే.

బొమ్మలోని బందీలు కూడా కల్పన కాదు. 1995లో స్టీవ్ బూర్జే వాకా దె లా లూనా అనే కట్టడంలో 70 మందికి పైగా మగవాళ్ల ఎముకలు తవ్వి తీశాడు. వాళ్లలో ఎక్కువమంది యువకులు. మెడ ఎముకల మీద కత్తి గాట్లు. చాలామందికి పాత దెబ్బలు తగిలి మానిన గుర్తులు ఉన్నాయి, అంటే పోరాటాలు అలవాటైనవాళ్లు. కొందరు బురద పొరల్లో ఉన్నారు. అది ఎడారి తీరం. అంత బురద రావాలంటే ఎల్‌నినో ఏడాది కుండపోత కురవాలి. వరదల భయం, బలి, పాలకుడి బాధ్యత ఎలా ముడిపడ్డాయో ఆ బురద చెబుతోంది.

ఇంకో సంగతి. 2006లో చికామా లోయలోని ఎల్ బ్రూహో దగ్గర బయటపెట్టిన ‘కావో రాణి’ సమాధిలో ఇరవైల వయసులో చనిపోయిన ఒక స్త్రీ ఉంది. చేతుల మీద పాములు, సాలీళ్ల పచ్చబొట్లు. పక్కన లోహపు తొడుగున్న గదలు, ఈటెలు విసిరే కర్రలు 20కి పైగా. అంతవరకూ ఇలాంటివి కనిపిస్తే కళ్లు మూసుకుని ‘మగ యోధుడు’ అని రాసేవాళ్లం. ఆ రాతలన్నీ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

సమాధుల గురించే ఇంత చెప్పాను కానీ, నన్నడిగితే ఇటుకలు ఇంకా నమ్మకమైన సాక్షులు. త్రుహీయో నగరం పక్కన వాకా దెల్ సోల్ అనే దిబ్బ ఉంది. దానికి 13 కోట్లకు పైగా పచ్చి ఇటుకలు పట్టాయని లెక్క. చాలా ఇటుకల మీద గుర్తులున్నాయి: చుక్క, గీత, వేలి ముద్ర, పాదం. అలాంటి గుర్తులు వందకు పైగా రకాలు. ఒకే గుర్తున్న ఇటుకలు గోడలో నిలువు దొంతరలుగా ఒకచోటే ఉంటాయి. మైకెల్ మోస్లీ లాంటివాళ్లు దీన్నిబట్టి ఒక్కో ఊరి జనం లేదా ఒక్కో గుంపు తమ వంతు ఇటుకలు చేసి, తమ వంతు గోడ కట్టారని వివరించారు. ఎవరి వంతు ఎంత అయిందో లెక్క తెలియడానికి గుర్తు. లిపి లేని చోట లెక్కల పుస్తకం గోడలోనే ఉందన్నమాట. 17వ శతాబ్దం మొదట్లో స్పానిష్ వాళ్లు బంగారం కోసం మోచే నదినే ఈ దిబ్బ మీదికి మళ్లించారు. కట్టడంలో సగానికి పైగా కొట్టుకుపోయింది. ఇప్పుడు చూస్తున్నది మిగిలిన ముక్క.

మోచే చదివి ‘పాలకుడంటే ఇలా ఉంటాడు’ అని స్థిరపడిపోతే మెక్సికోలోని తియోతివాకాన్ మనల్ని నిలబెట్టేస్తుంది. అక్కడ లక్షమంది దాకా ఉన్న నగరం, 65 మీటర్ల సూర్య పిరమిడ్. మొత్తం నగరం ఉత్తర దిక్కు నుంచి తూర్పుకు సుమారు 15.5 డిగ్రీలు తిరిగిన ఒకే గీత ప్రకారం ఉంది. ఎక్కడో మూల ఉన్న మామూలు ఇళ్ల గోడలు కూడా అదే కోణంలో! నది దారిని కూడా ఆ గీతకు తగ్గట్టు మార్చారు. జనం దాదాపు రెండు వేల రాతి వాడల్లో ఉండేవారు, ఒక్కో వాడలో చాలా కుటుంబాలు. రెనే మిలన్ 1960లలో మొదలుపెట్టి వీధి వీధీ తిరిగి ఈ మ్యాపు తయారు చేయించాడు. ఇంత క్రమశిక్షణ ఉన్న నగరంలో ‘ఇదిగో మా రాజు’ అని చూపే విగ్రహం లేదు. గుర్తుపట్టదగ్గ రాజ సమాధి ఇంతవరకూ బయటపడలేదు. గోడ చిత్రాల్లో మనుషులు ఒకే వేషంలో వరుసగా నడుస్తుంటారు, ముఖాలు దాదాపు ఒక్కటే.

రాజు లేడనుకుందామా? అప్పుడు అదే నగరంలోని ఈకల పాము పిరమిడ్ అడ్డొస్తుంది. 1980లలో రుబెన్ కబ్రేరా, సబురో సుగియామా దాని కింద 130 మందికి పైగా మనుషుల ఎముకలు తవ్వారు. అందరినీ కట్టడం మొదలైనప్పుడే బలి ఇచ్చారు. చాలామంది చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. యోధుల వేషంలో, మనుషుల దవడల్లాంటి హారాలతో, నాలుగు దిక్కులా లెక్క ప్రకారం గుంపులుగా కూర్చోబెట్టారు. ఇది ఎవరో ఒకరు గట్టిగా ఆజ్ఞ వేయనిదే జరిగే పని కాదు. అయితే ఆ తర్వాత, సుమారు 4వ శతాబ్దంలో, ఆ పిరమిడ్ ముఖాన్ని కప్పేస్తూ ఇంకో కట్టడం కట్టారు. అంతకు ముందు కొంత భాగం తగలబెట్టారు, పగలగొట్టారు. ఒక్కడి చేతిలో ఉన్న అధికారాన్ని తర్వాతివాళ్లు కావాలనే తగ్గించారని కొందరి వాదన. లిండా మాన్సనీయా నగరాన్ని నలుగురు పెద్దలు కలిసి పాలించారన్న వైపు మొగ్గుతుంది, సుగియామా బలమైన రాజుల వైపు. నాకు మాన్సనీయా మాట ఎక్కువ సబబుగా తోస్తుంది, ముఖ్యంగా ఆ కప్పేసిన ముఖం వల్ల. సుమారు 550 ప్రాంతంలో నగరం మధ్యలో పెద్ద మంటలు పడ్డాయి. కాలినవి ఎక్కువగా గుళ్లు, పెద్దల భవనాలు. మామూలు వాడలు చాలావరకు కాలలేదు. ఏవి కాల్చారో చూస్తే కోపం ఎవరి మీదో తెలుస్తుంది.

“మరి మధ్య అమెరికాలోని మాయా ప్రజలకు లిపి ఉందిగా, అక్కడైతే అనుమానమే ఉండదు కదా” అని మీరు అనవచ్చు. ఉంటుంది. 20వ శతాబ్దం మధ్య దాకా మాయా రాతిస్తంభాల మీద ఉన్నవి పంచాంగం, దేవతల విషయాలే అనుకునేవారు. 1960లో తత్యానా ప్రొస్కూర్యాకోవ్ పియెద్రాస్ నెగ్రాస్‌లోని స్తంభాల తేదీలను వరుసలో పెట్టి, ఒక్కో గుంపు ఒక మనిషి జీవితకాలం దాటడం లేదని చూపింది. పుట్టుక, పట్టాభిషేకం, తర్వాత ఇంకొకరు. అవి రాజుల చరిత్రలు! ఒక్క అక్షరం ఉచ్చారణ తెలియకుండానే ఆమె ఈ సంగతి తేల్చింది.

అయినా శాసనం అంటే పాలకుడు తన గురించి తాను చెప్పించుకున్న మాట. దాన్ని ఎముకతో సరిపోల్చాలి. రెండు ఉదాహరణలు చెబుతాను. హోండురాస్‌లోని కోపాన్‌లో 776 నాటి ఒక రాతి పీఠం నాలుగు పక్కలా 16 మంది రాజులు చెక్కి ఉన్నారు. మొదటివాడు కినిచ్ యష్ కుక్ మో. 426లో పదవి పొంది, మరుసటి ఏడాది కోపాన్ చేరాడని అందులో రాసి ఉంది. బొమ్మలో అతని కుడి ముంజేతికి చిన్న డాలు కట్టి ఉంటుంది. గుడి కింద సొరంగాలు తవ్వి పాత పొరల దాకా వెళితే ఒక ముసలివాడి సమాధి దొరికింది. కుడి ముంజేయి విరిగి అతుక్కున్న గుర్తు ఉంది. నేల, నీళ్ల నుంచి ఒంట్లోకి చేరే స్ట్రాన్షియం అనే మూలకం పాళ్లు పళ్లు, ఎముకల్లో చూస్తే అతను కోపాన్‌లో పెరిగినవాడు కాదు. మూడు వందల యాభై ఏళ్ల తర్వాత చెక్కిన కథకు ఎముక వంత పాడింది.

గ్వాటెమాలాలోని టికాల్‌లో మాత్రం అంత సులువుగా కుదరలేదు. 378 జనవరి 16న సియాహ్ కాక్ అనే సేనాని వచ్చాడని, అదే రోజు అక్కడి రాజు చనిపోయాడని శాసనాలు చెబుతాయి. మరుసటి ఏడాది యష్ నూన్ అహీన్ అనే కొత్త రాజు వచ్చాడు. టికాల్ 31వ స్తంభం మీద అతను తియోతివాకాన్ సైనికుడి వేషంలో ఉంటాడు. ఇంకేం, ఆ నగరం నుంచే వచ్చిన కుర్రవాడని చాలామంది అనుకున్నారు. కానీ అతనిదని భావించే సమాధిలోని పళ్లను లోరీ రైట్ పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించింది. బాల్యం టికాల్ ప్రాంతంలోనే గడిచిన లక్షణాలు కనిపించాయి. వేషం దూరదేశానిది, తాగిన నీళ్లు సొంత ఊరివి. తియోతివాకాన్ పేరు చెప్పుకుంటే టికాల్‌లో ఎంత పలుకుబడి ఉండేదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

స్పానిష్ వాళ్లు రాకముందు పెరూను ఏలిన ఇంకాల గురించి ఎక్కువ రాయను, మాచు పిచ్చు గురించి అందరూ రాస్తారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. వానుకో పాంపా అనే ఇంకాల పట్టణంలో కొండవాలు మీద దాదాపు 500 గాదెలు వరుసగా ఉన్నాయి. కింద పెద్ద మైదానం చుట్టూ ఉన్న భవనాల్లో మొక్కజొన్న బీరు, అంటే చిచా, నిల్వ చేసే పెద్ద జాడీల పెంకులు కుప్పలుగా దొరికాయి. జనం చేత వంతు పని చేయించుకుని, దానికి బదులు రాజ్యం పెట్టే తిండి, పోసే చిచా ఇవి. మంతారో లోయలో క్రిస్టీన్ హాస్టోర్ఫ్ ఎముకల్లోని కార్బన్ పాళ్లు చూసింది. మొక్కజొన్న ఎక్కువ తీసుకున్నవాళ్ల ఎముకల్లో ఆ పాళ్లు మారతాయి. ఇంకాలు రాకముందు ఆడవాళ్లకూ మగవాళ్లకూ పెద్ద తేడా లేదు. ఇంకాలు వచ్చాక కొందరు మగవాళ్లలో మొక్కజొన్న గుర్తు బాగా పెరిగింది, ఆడవాళ్లలో పెరగలేదు. రాజ్యం పెట్టే విందులకు వెళ్లింది మగవాళ్లు, ఇంట్లో ఆ బీరు కాచింది బహుశా ఆడవాళ్లు. రాజధాని ఎంతో దూరంలో ఉన్నా ఒక పల్లె ఇంటి కంచంలోకి అధికారం ఎలా వచ్చిందో ఈ ఎముకలు చూపాయి. ఈ పరిశోధన చదివిన రోజు నుంచీ పెద్ద కట్టడాల కంటే చిన్న ఇళ్ల చెత్తకుప్పల మీదే నాకు మనసు పడింది.

మా అంచనాలు తప్పవా అంటే, తప్పుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు సెయింట్ లూయిస్ వెళితే మిసిసిపి నది దాటి కహోకియా అనే ప్రాచీన దిబ్బల నగరం చూసి రండి. అక్కడ 72వ నంబరు దిబ్బలో 1967 నుంచి 1971 వరకు మెల్విన్ ఫౌలర్ తవ్వాడు. పక్షి ఆకారంలో 20,000 శంఖు పూసల పరుపు, దాని మీద ఒకరు, కింద ఒకరు, ఇద్దరూ మగవాళ్లే అనుకున్నారు. ‘పక్షి మనిషి’, యోధులైన పాలకులు అని దశాబ్దాలపాటు పాఠాల్లో చెప్పుకున్నాం. 2016లో ఆ ఎముకలను మళ్లీ పరిశీలిస్తే మధ్యలో ఉన్నది ఒక పురుషుడు, ఒక స్త్రీ అని తేలింది. చుట్టూ ఇంకా జంటలు ఉన్నాయి. ఇప్పుడు యుద్ధం కంటే పంట, సంతానం వైపు మాట మళ్లింది. ఎముకలు, తవ్వకం నోట్సు, మ్యాపులు భద్రంగా దాచారు కాబట్టే యాభై ఏళ్ల తర్వాత ఆ తప్పు దిద్దగలిగారు.

దిద్దలేనిది సిపాన్‌లోని ఆ మొదటి సమాధి, దొంగలు తవ్వింది. అందులోని వస్తువులు కొన్ని కరిగిపోయాయి, కొన్ని దేశదేశాల కలెక్షన్లకు చేరాయి. ఒక పెద్ద బంగారు నడుము పలకను 1997లో ఫిలడెల్ఫియాలో అమ్మబోతుంటే ఎఫ్‌బీఐ పట్టుకుని పెరూకు తిరిగి ఇచ్చింది. గాజు పెట్టెలో అది అద్భుతంగా ఉంటుంది. కానీ అది ఎవరి నడుముకు ఉంది, పక్కన పాత్ర ఉందా, కుడివైపు బంగారం ఎడమవైపు వెండి ఉన్నాయా, చుట్టూ ఎవరెవరు ఉన్నారు? ‘అతను వ్యాపారి ఎందుకు కాకూడదు’ అని మీరు ఆ సమాధి గురించి అడిగి ఉంటే, చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.